కవరు బోర్లిస్తే

ఓపీ గదిలో నా బల్ల మీద ఒక స్టీలు పళ్లెం ఉంటుంది. అది దేనికో తెలియక కొత్తవాళ్లు అందులో చిల్లర వేసిన రోజులూ ఉన్నాయి. "వాడుతున్న మందులన్నీ తెచ్చావామ్మా? కవరు ఇందులో బోర్లించు" అంటాను. స్టెతస్కోపు చెవిన పెట్టకముందే చాలా సంగతులు ఆ పళ్లెంలో కనబడతాయి.

ఒకామె గురించి చెప్తాను. నిజానికి ఆమె ఒక్కరు కాదు, ఇలాంటి కవర్లతో వచ్చిన పదిమందిని కలిపి ఒక మనిషిగా చెప్తున్నాను. యాభై ఎనిమిదేళ్లుంటాయి, పత్తి ఏరే కూలికి పోతుంది. బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు. బట్టల షాపు కవర్లోంచి తొమ్మిది రకాల బిళ్లలు పళ్లెంలోకి జారాయి. రెండు షీట్లకు పేరున్న వైపే కత్తిరించి ఉంది. అడుగున నాలుగు చీటీలు, నాలుగు చేతిరాతలు.

"ఏది దేనికో తెలుసా?"

"గిది బీపీకి సారూ. గిది సుత బీపీకే. ఎర్రది బలానికి. తెల్లది గ్యాసుకు. మిగిలినయి యాదికి లేవు."

చీటీలను తేదీల వారీగా పేర్చాను. మొదటి డాక్టరు బీపీకి అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రాశారు. మంచి మందు, చవకైన మందు. ఆర్నెల్ల తర్వాత ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు బీపీ ఇంకా ఎక్కువే ఉందని టెల్మిసార్టాన్, అమ్లోడిపిన్ కలిసిన బిళ్ల రాశారు. బ్రాండు పేర్లు వేరు, రంగులు వేరు. పాతది ఆపమని ఎవరూ చెప్పలేదు. రెండింట్లోనూ ఒకే మందు ఉందని ఆమెకు తెలిసే దారే లేదు. అలా రోజుకు 10 మిల్లీగ్రాముల అమ్లోడిపిన్ ఒంట్లోకి పోతోంది. ఆ మోతాదులో అది చాలామందికి చీలమండల దగ్గర వాపు తెస్తుంది. సన్నటి ధమనులు వదులవుతాయి, సిరలు అంతగా వదులు కావు. మధ్యనున్న కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదది. మూడో డాక్టరు ఆ కాళ్లు చూసి నీరు పోయే బిళ్ల ఫ్యూరోసెమైడ్ రాశారు. వాపు తగ్గిందేమీ లేదు కానీ రాత్రుళ్లు నాలుగుసార్లు లేవడం, పిక్కలు పట్టేయడం మొదలయ్యాయి. పిక్కల కోసం నాలుగో చీటీ వచ్చింది. అందులో "నరాల బిళ్ల" అని అందరూ పిలిచే ప్రెగాబలిన్, తోడుగా కాల్షియం. ప్రెగాబలిన్‌తో తల తిరుగుతుంది, కొందరికి కాళ్ల వాపు కూడా వస్తుంది. తిరిగి తిరిగి మొదటి గడపకే వచ్చాం.

ఇంతకీ మొదటి డాక్టరు మందు వేసుకున్నా బీపీ ఎందుకు దిగలేదు? మోకాళ్ల కోసం ఆమె రోజూ రెండు పూటలా వేసుకునే ఎసిక్లోఫెనాక్ మీద నా అనుమానం. ఈ జాతి నొప్పి మాత్రలు కిడ్నీలో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచి బీపీని పెంచుతాయి. టెల్మిసార్టాన్, నీటి బిళ్ల, నొప్పి బిళ్ల మూడూ కలిస్తే కిడ్నీకి మూడు వైపుల నుంచీ దెబ్బ. ఎండలో పనిచేసి, నీళ్లు తక్కువ తాగే మనిషికి ఇది మరీ ప్రమాదం. నొప్పి బిళ్ల కడుపులో మంట పెడుతుంది కాబట్టి దానికో పాంటోప్రజోల్. ఇన్ని మింగితే నీరసం వస్తుంది కదా, దానికి ఎర్రటి బలం బిళ్ల.

ఏ చీటీకి ఆ చీటీ చూస్తే ఎవరిదీ పెద్ద తప్పు కాదు. మందు వల్ల వచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బనుకొని దానికి ఇంకో మందు రాయడం, దాని ఇబ్బందికి మరొకటి రాయడం అనే ఈ గొలుసును పౌలా రోచన్, జెర్రీ గుర్విట్జ్ అనే వైద్యులు 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో విడమరిచి చెప్పారు. అప్పటి నుంచీ వృద్ధుల వైద్యం చదివేవాళ్లకు అది తొలి పాఠాల్లో ఒకటి. మన ఓపీల్లో మాత్రం ఆ పాఠం చెప్పుకొనే తీరిక తక్కువ.

ఆ తొమ్మిదిటికీ నెలకు ఆమె పెడుతున్నది నాలుగు రోజుల కూలి. "జనరిక్ షాపులో కొంటే సగానికే వస్తాయంట గదా సారూ?" అని అడిగింది. వస్తాయి. రెండు రోజుల కూలి మిగులుతుంది. కాళ్ల వాపు, తలతిరుగుడు, కిడ్నీల ముప్పు కూడా సగం ధరకే వస్తాయి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. మందుల ఖర్చు మెడికల్ షాపు కౌంటర్ దగ్గర తేలుతుందని అందరూ అనుకుంటారు. అందులో పెద్ద భాగం అంతకు ముందే, చీటీ రాసే బల్ల దగ్గరే తేలిపోయి ఉంటుంది.

*

1985లో నైరోబీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక సమావేశం పెట్టింది. మందుల సక్రమ వాడకమంటే ఏమిటో అక్కడ తేల్చుకున్నారు. జబ్బుకు తగిన మందు, ఆ మనిషికి తగిన మోతాదు, తగినన్ని రోజులు, మనిషికీ సమాజానికీ వీలైనంత తక్కువ ఖర్చులో. ఈ వరస నాకు ఇష్టం. ఖర్చు చివర్న ఉంది, కానీ ఉంది. మొదటి మూడూ సరిగ్గా కుదిరితే నాలుగోది చాలావరకు దానంతటదే కుదురుతుంది.

అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1977లో, అదే సంస్థ అత్యవసర మందుల మొదటి జాబితా వేసింది. రెండొందల పైచిలుకు మందులతో ఒక దేశపు ఆరోగ్య అవసరాల్లో అత్యధిక భాగం తీర్చవచ్చని అందులోని ఆలోచన. అప్పట్లో కంపెనీలు నవ్వాయి, కోప్పడ్డాయి కూడా. మన దేశపు జాబితా 1996లో వచ్చింది. 2022 నాటి జాబితాలో 384 మందులున్నాయి. మెడికల్ షాపు అరల్లో వేలకొద్దీ బ్రాండ్లు కనిపించే మనకు ఆ సంఖ్య చాలా చిన్నగా అనిపిస్తుంది.

నిజానికి ఒక మామూలు ఓపీ డాక్టరుకు అంత కూడా అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు వైద్య విద్యార్థుల కోసం తయారుచేసిన చిన్న పుస్తకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో అచ్చువేసింది. అందులో వాళ్లు చెప్పేది, ప్రతి డాక్టరూ తన సొంత మందుల పట్టిక ఒకటి తయారుచేసుకోవాలని. తను తరచూ చూసే జబ్బులు, ఒక్కోదానికి బాగా తెలిసిన ఒకటో రెండో మందులు. పని చేసే తీరు, ప్రమాదం, రోగికి అనువు, ధర, ఈ నాలుగూ తూచి ముందే ఎంచి పెట్టుకోవాలి. రోగి ఎదురుగా కూచున్నాక వెతుక్కోకూడదు. మా అమ్మ పోపుల డబ్బాలో ఏడే గిన్నెలు. ఏ కూరకు ఏది ఎంత పడాలో చేతికి తెలుసు కాబట్టి చూడకుండానే వేసేది. వంద సీసాలున్న వంటింట్లో ఏ రెండు సీసాలూ ఒకేలా ఉండవు, ఏదీ చేతికి అలవాటు కాదు. అరవై, డెబ్బై మందులను ఆ పోపుల డబ్బాలా ఎరిగిన డాక్టరు మందుల కంపెనీ ప్రతినిధి తెచ్చిన కొత్త నమూనా మందు చూసి తడబడడు.

ఆ పుస్తకం చెప్పే ఇంకో మాట మన చీటీల్లో దాదాపు ఎక్కడా కనపడదు. మందు రాసేటప్పుడే అది పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది, ఎప్పుడు ఆపాలి అన్నది రోగికి చెప్పాలట. మన చీటీల మీద "నెల తర్వాత రండి" ఉంటుంది. "పది రోజుల తర్వాత ఇది మానేయండి" ఉండదు. గ్యాసు బిళ్లలు పదేళ్లు నడిచేది అందుకే.

*

ఇక దగ్గు. ఓపీలో దీని దగ్గర కాసేపు నిలబడక తప్పదు.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని పరిశోధకులు 2013లో ఒక సులువైన ప్రశ్న వేశారు. జలుబుతో వచ్చిన దగ్గు ఎన్నాళ్లుంటుందని జనం అనుకుంటున్నారు? వారం, మహా అయితే తొమ్మిది రోజులు అన్నారు జనం. అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే నిజంగా ఉండేది సగటున పద్దెనిమిది రోజులు. ఈ రెండు అంకెల మధ్యనున్న ఖాళీలో యాంటీబయాటిక్ వ్యాపారం చాలావరకు నడుస్తోంది.

ఎలాగో చూడండి. నాలుగో రోజు దగ్గుతో ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తాం. మూడు రోజులు అజిత్రోమైసిన్. తగ్గదు. ఎనిమిదో రోజు మండలంలో డాక్టరు సెఫిక్సిమ్ ఐదు రోజులు రాస్తారు. తగ్గదు. పద్నాలుగో రోజు పట్నం. పెద్ద డాక్టరు, పెద్ద ఫీజు, లీవోఫ్లాక్సాసిన్. నాలుగు రోజుల్లో దగ్గు పోతుంది. "ఆయన హస్తవాసి మంచిది" అని ఊరంతా చెప్తాం. వైరస్ వల్ల వచ్చిన దగ్గు తన గడువు తీరి తనే వెళ్లిపోయింది. పేరు పెద్ద డాక్టరుది, ఖర్చు మనది. మన పేగుల్లో మిగిలిన సూక్ష్మజీవులు మాత్రం మూడు యాంటీబయాటిక్‌లను తట్టుకోవడం నేర్చుకున్నాయి. పైగా లీవోఫ్లాక్సాసిన్ క్షయ క్రిములను కూడా కొంత అణచివేస్తుంది. ఒకవేళ అది టీబీ అయితే, జబ్బు బయటపడకుండా కొన్ని వారాలు దాక్కుంటుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు సర్కారు దవాఖానాలో తెమడ పరీక్ష చేస్తారు. దానికి పైసా ఖర్చు లేదు.

మరి డాక్టరుకు ఇవన్నీ తెలియవా? తెలుసు. బయట ముప్పైమంది కూచుని ఉంటారు. 67 దేశాల లెక్కలు కూడగట్టి 2017లో అచ్చయిన ఒక సమీక్షలో స్వీడన్‌లో డాక్టరు ఒక్కో రోగితో గడిపేది ఇరవై రెండు నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు అని ఉంది. మన దేశం రెండు నిమిషాల చిల్లర దగ్గరుంది. "ఇది వైరస్, పద్దెనిమిది రోజులుంటుంది, ఫలానా గుర్తు కనిపిస్తే వెంటనే రా" అని అర్థమయ్యేలా చెప్పాలంటే నాలుగు నిమిషాలు పడుతుంది. అజిత్రోమైసిన్ రాయడానికి పది సెకన్లు చాలు. ఉత్త చేతులతో పంపితే పక్క సందులో డాక్టరు రాస్తారన్న భయం కూడా ఉంది. నేనూ రాశాను, చాలాసార్లు.

బ్రిటన్‌లోని సౌతాంప్టన్ పరిశోధకులు 1990ల్లో గొంతునొప్పి మీద ఒక తమాషా ప్రయోగం చేశారు. కొందరికి యాంటీబయాటిక్ అప్పుడే ఇచ్చారు. కొందరికి అసలు ఇవ్వలేదు. మూడో గుంపుకు చీటీ రాసి పెట్టి, "మూడు రోజుల్లో తగ్గకపోతే వచ్చి తీసుకోండి" అన్నారు. మూడు గుంపులూ కోలుకున్న తీరులో పెద్ద తేడా లేదు. మూడో గుంపులో మూడింట రెండు వంతులమంది ఆ చీటీని వాడనే లేదు. ఈ పద్ధతి మన దగ్గర అచ్చంగా నడవదు. చీటీ చేతిలో పడితే ముందు మెడికల్ షాపుకే పోతాం కదా. నేను చేసేది, చీటీ మీద మందుకు బదులు తేదీ రాయడం. "గురువారం దాకా జ్వరం ఉంటే, ఆయాసం వస్తే ఎప్పుడైనా, మళ్లీ రండి, ఫీజు అక్కర్లేదు." ఆ చివరి రెండు మాటలకున్న బలం ఏ సిరప్‌కూ లేదు.

యాంటీబయాటిక్ నిజంగా కావలసిన దగ్గును పట్టుకునే పరికరం సెకన్ల ముల్లున్న గడియారం. చిన్నపిల్లల్లో నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నారో లెక్కపెట్టాలి. రెండు నెలలు నిండి ఏడాది లోపు పిల్లలకు యాభై, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు వాళ్లకు నలభై. ఆ అంకె అందుకున్నా, దాటినా న్యుమోనియా అని అనుమానించాలి. డొక్కలు లోపలికి పోతుంటే, పాలు తాగలేకపోతుంటే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆశా కార్యకర్తలకు కూడా నేర్పే లెక్క ఇది. దానికి వాడే అమోక్సిసిలిన్ పాతది, చవకది, నోటితో తాగేది. తల్లి ఒడిలో నిద్రపోతున్న బిడ్డ చొక్కా పైకెత్తి ఒక నిమిషం కదలకుండా చూడటం, అంతే.

*

సెలైన్ సంగతి కూడా చెప్పాలి. "ఒంట్లో ఓపిక లేదు, ఒక బాటిల్ ఎక్కించండి" అనని ఊరు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉండదు. దానికి మనం పెట్టుకున్న పేరు గ్లూకోజ్. ఐదు శాతం డెక్స్‌ట్రోజ్ ఉన్న అర లీటరు బాటిల్లో ఉండే చక్కెర 25 గ్రాములు. వంద కేలరీల లోపు. ఒక అరటిపండులో అంతే ఉంటుంది. ఉప్పు కూడా కలిసిన బాటిలైతే అందులో నాలుగున్నర గ్రాముల ఉప్పు. రోజు మొత్తానికీ ఐదు గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. బీపీ మనిషికి ఒక రోజు ఉప్పంతా గంటలో నరంలోకి పోసి, దానికి డబ్బు కట్టించుకుంటున్నాం. పడుకోబెట్టి, పక్కన ఒకరు కూచుని, చల్లగా ఏదో ఒంట్లోకి పోతుంటే హాయిగానే ఉంటుంది. ఆ హాయి నిజమే. ఆ పడుకోవడం, ఆ పక్కన కూచోవడం ఇంట్లో దొరక్కే చాలామంది ఆడవాళ్లు సెలైన్ అడుగుతారని నాకు అనుమానం.

తాగలేనివాళ్లకు, స్పృహ తప్పినవాళ్లకు, తీవ్రమైన డెంగ్యూలో, బీపీ పడిపోయినప్పుడు అదే బాటిల్ ప్రాణం నిలుపుతుంది. తాగగలిగిన మనిషికి నోరే సరైన దారి. దీన్ని లోకానికి చూపించినవాళ్లలో దిలీప్ మహలనబిస్ ఒకరు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో బెంగాల్ సరిహద్దులోని బొంగావ్ శరణార్థుల శిబిరంలో కలరా విజృంభించి సెలైన్ అయిపోయింది. ఆయన ఉప్పు, వంట సోడా, గ్లూకోజ్ పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపి, బంధువుల చేతనే తాగించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. కిటుకంతా పేగు గోడలో ఉంది. గ్లూకోజ్, సోడియం జంటగా వస్తేనే తెరుచుకునే తలుపు అక్కడ ఉంది. అవి లోపలికి పోతే నీరు వెంట పోతుంది. కలరా విరేచనాలు ఎంత ఉధృతంగా ఉన్నా ఆ తలుపు చెడదు.

జంట అంటే పాళ్లు కుదరాలి. లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్. చక్కెర ఎక్కువైతే నీరు పేగులోకే తిరిగి లాగబడి విరేచనాలు పెరుగుతాయి. తీపి పానీయాల డబ్బాల మీద ఓఆర్ఎస్ అని అచ్చువేసి అమ్ముతుంటే హైదరాబాద్‌లోని పిల్లల డాక్టరు శివరంజనీ సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ఇరవై రూపాయల చిల్లర పెట్టి కొనే పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారమన్న మాట ఉందో లేదో చూసుకుంటే చాలు. పిల్లలకు దాంతో పాటు పద్నాలుగు రోజులు జింకు. విరేచనాలకు చాలాసార్లు చీటీ మీద ఉండాల్సింది ఈ రెండే.

*

ఇప్పుడు జనరిక్‌ల దగ్గరికి వస్తాను. బల్క్ మందుల తయారీలో దేశంలో పెద్దపేరున్న నగరం హైదరాబాద్. సోవియట్ సాయంతో 1960ల్లో బాలానగర్‌లో పెట్టిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్, 1972లో అమల్లోకి వచ్చి మందు పదార్థంపై పేటెంటు లేకుండా చేసిన చట్టం, ఈ రెండూ కలిసి ఈ నేల మీద మందుల పరిశ్రమను మొలిపించాయి. అమెరికా జనం మింగే చవక బిళ్లలు మన ఊరి శివార్ల నుంచే పోతాయి. మన ఊరి మనిషి మాత్రం అదే మందును బ్రాండు పేరుతో నాలుగింతలు పెట్టి కొంటాడు.

మన దేశంలో పేటెంటు ముగిసిన మందుల్లో దాదాపు అన్నీ నిజానికి జనరిక్‌లే. కొన్నిటికి బ్రాండు పేరు పెట్టి డాక్టర్ల దగ్గర ప్రచారం చేస్తారు. ఇంకొన్నిటిని ప్రచారం లేకుండా నేరుగా షాపులకు ఇస్తారు. జన ఔషధి కేంద్రాల్లోవి బ్రాండు లేకుండా మందు అసలు పేరుతో, అంటే మూల నామంతో వస్తాయి. ధరల నియంత్రణ ఉత్తర్వు 2013లో మారాక, అత్యవసర జాబితాలోని మందుకు గరిష్ఠ ధరను తయారీ ఖర్చు చూసి కట్టడం లేదు. మార్కెట్‌లో ఒక శాతం, అంతకన్నా ఎక్కువ వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసి, దానికి షాపువాడి లాభం 16 శాతం కలుపుతున్నారు. అందరూ ఎక్కువకు అమ్ముతుంటే సగటు కూడా ఎక్కువే వస్తుంది. ఆ పరిమితి కూడా జాబితాలో ఉన్న రూపానికే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే పరిమితి లోపల ఉండాలి. దానికి ఇంకో రెండు మందులు కలిపి ఒక్క బిళ్ల చేస్తే, ఆ కలయిక జాబితాలో లేకపోతే, పరిమితి దాటి పోవచ్చు. మన దేశంలో కలయిక బిళ్లలు ఇంతగా పుట్టుకురావడానికి ఒక కారణం ఇది. 2016లో కేంద్రం 344 కలయికలను నిషేధించింది, కోర్టు వ్యాజ్యాల తర్వాత 2018లో 328 మీద నిషేధం ఖాయమైంది. అన్ని కలయికలూ చెడ్డవి కావు. టీబీ మందులవి, కొన్ని బీపీ మందులవి ఎంతో మేలు చేస్తాయి. రెండు మందులూ ఆ మనిషికి ఆ మోతాదుల్లోనే కావాలా అన్నదొక్కటే చూసుకోవాలి.

నాణ్యత మీద అనుమానం ఉత్త అపోహ అని కొట్టేయను. బిళ్లలో మందు సరిగ్గా ఉండటం ఒక సంగతి, అది కడుపులో కరిగి రక్తంలోకి అంతే వేగంగా చేరడం ఇంకో సంగతి. తేలిగ్గా కరగని మందులకు రెండోదాన్ని నిరూపించాలన్న నియమం మన దగ్గర 2017లో కానీ గట్టిగా రాలేదు. అందుకని నా పద్ధతి చెప్తాను. బీపీ, షుగరు, పారాసెటమాల్, మామూలు యాంటీబయాటిక్‌లు జన ఔషధిలో కొనుక్కోమంటాను. బీపీ మళ్లీ కొలిస్తే, షుగరు మళ్లీ చూస్తే పని చేస్తోందో లేదో తెలిసిపోతుంది, కొలమానం మన చేతుల్లోనే ఉంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, థైరాయిడ్ బిళ్ల, ఇలాంటివాటికి కొంచెం తేడా వచ్చినా ఇబ్బందే. ఏ కంపెనీదైనా సరే, మొదలుపెట్టినదాన్నే కొనసాగించమంటాను.

డాక్టర్ల చేతిరాత గురించి జోకులు చాలా ఉన్నాయి. మూల నామాన్ని చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లోనే వైద్య మండలి నిబంధన పెట్టింది. మూల నామం తప్పనిసరి చేస్తూ 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనలు అదే నెలలో ఆగిపోయాయి. నన్ను భయపెట్టే చీటీ మాత్రం మెథోట్రెక్సేట్‌ది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని అమెరికా ప్రయోగశాల నుంచి వచ్చిన మందుల కుటుంబం అది. ఇవాళ కీళ్లవాతానికి ఇంత చవకగా, ఇంత బాగా పని చేసేది ఇంకోటి లేదు. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోవచ్చు. అందుకే దాన్ని రాసేటప్పుడు తెలుగులో "ఆదివారం మాత్రమే" అని రాసి, కింద గీత గీసి, ఇంట్లో చదువుకున్న పిల్లల్ని పిలిచి చదివించుకుంటాను.

*

డాక్టరు ఒక్కడి బుద్ధితో అయ్యేది కాదిదంతా. తమిళనాడు 1990ల మధ్యలో పెట్టిన వైద్య సేవల కార్పొరేషన్ రాష్ట్రమంతటికీ ఒకే జాబితా వేసి, ఒకే చోట టెండరు పిలిచి, సర్కారు దవాఖానాల్లో మందు లేదనే మాటను బాగా తగ్గించింది. రాజస్థాన్ 2011 అక్టోబరు 2 నుంచి ఓపీలోనూ ఉచితంగా మందులిస్తోంది. అక్కడి చిత్తోర్‌గఢ్ జిల్లాలో డాక్టరు చదువు చదివిన కలెక్టరు సమిత్ శర్మ సహకార షాపుల్లో మొదలుపెట్టిన చవక మందుల ప్రయత్నమే దానికి నాంది.

మనకు 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషన్లకు, కాన్సర్ చికిత్సకు పేదవాళ్లకు తలుపులు తెరిచింది, కాదనలేం. కానీ అది మంచం ఎక్కాక వచ్చే సాయం. బీపీ బిళ్ల కొనలేక మానేసిన మనిషికి పక్షవాతం వచ్చాక లక్షలు కడతాం, ముప్పై బిళ్లల షీట్ల దగ్గర మాత్రం ఆ మనిషి ఒంటరి. ఈ లోటును పూడ్చే పని కొంత మొదలైంది. 2017 నవంబరులో ఐదు రాష్ట్రాల్లో మొదలుపెట్టిన బీపీ నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ ఒకటి. రాష్ట్రానికి ఒకే పద్ధతి. ముందు ఒక మందు, నెలకు దిగకపోతే తరువాత మెట్టు, ఇంటికి దగ్గర్లోనే ముప్పై రోజుల బిళ్లలు, మనిషి రాకపోతే ఫోను. ఇందులో కొత్త మందులేమీ లేవు. అన్నీ పాతవి, చవకవే.

*

ఆమె పళ్లెం దగ్గరికి వెళ్దాం. కిడ్నీ పరీక్ష, పొటాషియం చేయించాను, పెద్ద చిక్కులేదు. టెల్మిసార్టాన్, అమ్లోడిపిన్ కలిసిన బిళ్ల ఉంచాను, విడిగా ఉన్న అమ్లోడిపిన్ తీసేశాను. మెట్‌ఫార్మిన్ ఉంది. ఎసిక్లోఫెనాక్ పోయింది, దాని బదులు నొప్పి ఉన్న రోజు పారాసెటమాల్, తొడ కండరాలకు రెండు వ్యాయామాలు. నొప్పి బిళ్ల పోయింది కాబట్టి గ్యాసు బిళ్ల అవసరం పోయింది. వాపుకిచ్చింది, పిక్కలకిచ్చింది ఒకదాని వెనక ఒకటి పోయాయి. ప్రెగాబలిన్‌ను ఒక్కసారిగా ఆపలేదు, రెండు వారాలు తగ్గిస్తూ వచ్చాం. ఇది చదివి ఎవరూ తమ కవర్లోవి తామే తీసి పారేయకండి. గుండెకు వాడేవి, స్టెరాయిడ్లు లాంటివి హఠాత్తుగా ఆపితే మందు వల్ల వచ్చే ముప్పు కన్నా ఆపడం వల్ల వచ్చేది పెద్దది. ఒకటి మాత్రం పక్కన పెట్టి ఆలోచించాను, బీ12. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే అది తగ్గవచ్చు. ఎర్ర బిళ్లలో ఉన్నది నామమాత్రం. పరీక్షలో సరిపడా ఉందని తేలాక ఎర్ర బిళ్ల కూడా ఆపేశాను.

"గదేంది సారూ, బలానికి ఏం రాయలే?"

"పల్లీలు తిను. గుడ్డు తింటావా?"

"తింట గని... బిళ్ల లేదా?"

ముఖంలో నిరాశను ఆమె దాచుకోలేదు. డబ్బు పెట్టి కొన్న షీట్లు పళ్లెంలో అలా పడి ఉంటే నాక్కూడా ఏదో తప్పు చేసినట్టే అనిపించింది. మిగిలిన షీట్లన్నీ మళ్లీ ఏరి కవర్లో వేసుకుంది. ఇంటికెళ్లి వేసుకుంటుందేమోనని భయపడి వాటిని నా దగ్గరే ఉంచమన్నాను. ఇవ్వలేదు.

నెల తర్వాత వచ్చింది. చీలమండలు సన్నబడ్డాయి. బీపీ 134/82. రాత్రుళ్లు లేవడం లేదంది. పళ్లెం ముందుకు జరిపాను. కవరు బోర్లించింది. బీపీ బిళ్ల, షుగరు బిళ్ల, సగం వాడిన పారాసెటమాల్ షీటు. చివర్న, కవరు మూలకు అంటుకుని, పాంటోప్రజోల్ ఒక షీటు. నేను నోరు తెరవకముందే దాన్ని వెనక్కి తీసుకుని కొంగున ముడేసుకుంది.

"ఇదొక్కటి ఉండనీ సారూ. దసరాకు యాట తింటం గదా."